సూపర్‌మాన్‌ది ఏ ఊరు?

(ఒక బి.ఎస్సీ. విద్యార్థి)

వార్షిక సంచికకు ఏదైనా రాయమని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు "దేశాభివృద్ధిలో యువత పాత్ర" అనో, "విజ్ఞానశాస్త్రము – మానవ సంక్షేమము" అనో రాద్దామనే కూర్చున్నాను. కాని ఆ రెండు విషయాల మీదా మా సీనియర్లు ఏటేటా రాస్తూనే ఉన్నారు. పైగా మొన్న నాచారంలో మా గదిలో జరిగిన ఒక వాదం నన్ను వదల్లేదు. టెలివిజన్‌లో వచ్చిన సూపర్‌మాన్‌లలో ఎవరు గొప్ప అన్నది ఆ వాదం. నవ్వకండి. తెల్లారితే ఫిజిక్సు ఇంటర్నల్ పరీక్ష ఉందనగా నలుగురు సైన్సు విద్యార్థులు రాత్రి ఒంటిగంట దాకా కొట్లాడుకున్నారంటే, ఆ విషయంలో ఎంతో కొంత పస ఉండే ఉంటుంది గదా!

మాది నాచారం పారిశ్రామికవాడ వెనక ఒక మేడ మీది రేకుల గది. నేను జనగామ వైపు నుంచి వచ్చినవాణ్ణి. ఒకడు ఆలేరు, ఒకడు ఖమ్మం, నాలుగోవాడు అక్కడే ఉప్పల్‌లో పుట్టి పెరిగి, ఇంట్లో చదువు సాగడం లేదని మా దగ్గర చేరినవాడు. మాకు టి.వి. లేదు. బియ్యం డబ్బాకు ఒక ఫోను ఆనించి, నలుగురం నాలుగు దిక్కుల నుంచి మెడలు చాపి చూస్తాము. అట్లాగే 2001 నుంచి 2011 వరకు అమెరికాలో వచ్చిన "స్మాల్‌విల్" చూశాము. 2021లో మొదలై 2024 డిసెంబరులో ముగిసిన "సూపర్‌మాన్ అండ్ లోయిస్" కూడా చూశాము. చూసిన ప్రతివాడికీ ఒక అభిప్రాయం. అవి ముందు చెప్పి, తర్వాత నాది మనవి చేసుకుంటాను.

మొదటిది ఉప్పల్ మిత్రునిది. అతనికి ముఖ్యం దుస్తులు, ఎగరడం. "స్మాల్‌విల్" తీసినవారు మొదలే ఒక నియమం పెట్టుకున్నారు: కథానాయకుడు ఆ దుస్తులు తొడగడు, ఎగరడు. పది సీజన్లు అట్లాగే నడిపారు. 2011 మే నెలలో వచ్చిన చివరి భాగంలోనైనా టామ్ వెల్లింగ్‌ను ఆ దుస్తుల్లో నిండుగా చూపిస్తారని లోకమంతా కాచుకుంటే, చొక్కా గుండీలు విప్పి గుండెమీది అక్షరం చూపించి ముగించారు. "పదేండ్లు ఆశపెట్టి చివరికి గింతేనా? పెండ్లికి పిలిచి లగ్గం చూపియ్యకుండ పంపినట్లుంది" అంటాడు మావాడు. ఈ కోపం అతనొక్కడిది కాదు. ఆనాటి ప్రేక్షకులు చాలామంది ఇదే మాట అన్నారు.

రెండవది ఖమ్మం మిత్రునిది. అతడు పుస్తక ప్రమాణవాది. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు తీయాలి, అక్షరం తప్పినా అపచారమే అంటాడు. మూడవది మా క్లాసు అమ్మాయి ఒకామెది. "సూపర్‌మాన్ అండ్ లోయిస్" మూడో సీజన్‌లో లోయిస్‌కు రొమ్ము కేన్సరు వస్తుంది. కొండల్నెత్తే భర్త ఆసుపత్రి వరండాలో కుర్చీ మీద కూర్చుని ఎదురుచూడటం తప్ప ఏమీ చేయలేడు. "మా అమ్మకు వైద్యం జరిగిన ఏడాది మా నాన్న సరిగ్గా అట్లాగే కూర్చున్నాడు. నాకు ఆ బొమ్మలో దుస్తులు కనబడలేదు, మా నాన్న కనబడ్డాడు" అన్నదామె. ఆ మాటకు మాలో ఎవరమూ బదులు చెప్పలేదు.

నాలుగవది మాకు పాఠం చెప్పే ఒక పెద్దాయనది. "ఇదంతా పలాయనవాదం. పరాయి దేశపు పగటి కల. మీకెందుకివి?" అన్నారు. గురువుగారి మీద గౌరవంతోనే చిన్న మనవి. ఈ పరాయి కలను మనవాళ్లు ఎప్పుడో ఇంటికి తెచ్చుకున్నారు. 1980లోనే ఎన్.టి. రామారావుగారు "సూపర్‌మాన్" అనే తెలుగు చిత్రంలో నటించారు. అందులో వీరునికి శక్తి వచ్చేది వేరే గ్రహం నుంచి కాదు, ఆంజనేయస్వామి వరం వల్ల. యాభై ఏడేళ్ల వయసులో ఆయన వేసిన ఆ వేషాన్ని చూసి ఇప్పటి పిల్లలు ఫోనుల్లో నవ్వుకుంటారు, నిజమే. కాని నవ్వే ముందు ఒకటి గమనించాలి: మన పల్లె ప్రేక్షకునికి క్రిప్టాన్ గ్రహం తెలియదు, హనుమంతుడు తెలుసు. ఎవరికి చెపుతున్నామో ఎరిగి కథ మార్చుకున్నారు. ఇక 1997 నుంచి 2005 వరకు దూరదర్శన్‌లో వచ్చిన "శక్తిమాన్" సంగతి మా అన్నలు, అక్కలు ఇప్పటికీ చెప్పుకుంటారు. ముకేశ్ ఖన్నా వేసిన ఆ శక్తిమాన్‌కు యోగసాధనతో బలం వస్తుంది. మామూలు వేళల్లో మాత్రం అతడు గంగాధర్ అనే పత్రికా ఫొటోగ్రాఫరు, కళ్లద్దాలు పెట్టుకున్న అమాయకుడు. క్లార్క్ కెంట్ కళ్లద్దాలే గంగాధర్ ముక్కు మీదికి వచ్చాయని ఎవరైనా పోల్చుకోవచ్చు. కాబట్టి ఈ కల పరాయిదే అయినా, మన ఇండ్లలో అది ఎప్పటి నుంచో తిరుగుతున్నదే.

ఇప్పుడు నా అభిప్రాయం. నేను రైతు కొడుకును గనుక నా కన్ను మొదట పోయింది చేను మీదికి. టెలివిజన్ సూపర్‌మాన్ బాగున్నాడా లేడా అని తేల్చడానికి నా కొలత ఒక్కటే: అతడు ఒక రైతు ఇంట్లో పెరిగాడన్న సంగతి ఆ కథకు గుర్తుందా, లేదా? దుస్తులు, ఎగరడం, పుస్తకం, ఇవన్నీ ఆ తర్వాతివి.

ఎందుకంటారా? సినిమాలో ఆ పల్లె సాధారణంగా పావుగంట ఉంటుంది. తండ్రి చనిపోతాడు, కుర్రవాడు పట్నం బస్సెక్కుతాడు, అంతటితో ఊరి పని అయిపోతుంది. 1952 నుంచి 1958 వరకు జార్జ్ రీవ్స్ నటించిన మొదటి టి.వి. ధారావాహికలో 104 భాగాలున్నాయి. అందులోనూ అంతే: మొదటి భాగంలోనే ఎబెన్ కెంట్ అనే పెంపుడు తండ్రి కన్ను మూస్తాడు, కొడుకు పట్నం చేరుతాడు. 1993లో మొదలైన "లోయిస్ అండ్ క్లార్క్"లో కొంత మారింది. తల్లిదండ్రులిద్దరూ బతికే ఉంటారు. కొడుకు పట్నం నుంచి ఇంటికి ఫోను చేస్తాడు, సలహా అడుగుతాడు. సూపర్‌మాన్ దుస్తులు కుట్టేది కూడా తల్లే. 2001లో "స్మాల్‌విల్" వచ్చేసరికి కథ అంతా ఊళ్లోనే నాటుకుంది. తండ్రి జోనథన్ కెంట్ అయిదో సీజన్ దాకా బతికి, కొడుకుతో పేచీ పడుతూ ఉంటాడు. 2021 నాటి కథలోనైతే పట్నంలో పత్రికా ఉద్యోగం పోయి, తల్లి మార్తా పక్షవాతంతో చనిపోయి, క్లార్క్ పెండ్లాం పిల్లలతో సహా ఆ పొలానికే తిరిగి వస్తాడు. చూడండి, డెబ్బయి ఏండ్లలో టెలివిజన్ చేసిన ప్రయాణమంతా పట్నం నుంచి ఊరివైపే! వారం వారం వచ్చే కథకు ఇల్లు కావాలి, అమ్మానాన్న కావాలి, తిట్టే నోరు కావాలి. అవి ఉన్నది పొలం దగ్గరే.

"స్మాల్‌విల్" మొదటి భాగంలో ఒక ఘట్టం ఉంది. క్లార్క్ నదిలో పడిన లెక్స్ లూథర్ ప్రాణం కాపాడితే, ఆ ధనికుని కొడుకు కృతజ్ఞతగా కొత్త ట్రక్కు ఒకటి పంపుతాడు. జోనథన్ దాన్ని తిప్పి పంపమంటాడు. ఇదేం మొండితనమని మా ఉప్పల్ మిత్రుడు విసుక్కున్నాడు. ఆలేరువాడూ, నేనూ మాత్రం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాము. విత్తనాల కాలంలో నవ్వుతూ చేయి చాచే షావుకారు, కోతల కాలంలో ఎట్లా లెక్క తీస్తాడో చూసిన ఇండ్లలోంచి వచ్చాము మేము. ఊరకే వచ్చిన దానికి వడ్డీ ఎక్కువ అని మా నాయిన అంటాడు. కెన్సస్ రాష్ట్రపు రైతు, జనగామ రైతు ఒక్క మాట మీద నిలిచిన చోటు అది. అట్లాగే 2021 కథలో మార్తా పోయాక పొలం మీద తాకట్టు అప్పు ఉన్నట్టు బయటపడుతుంది. ఉద్యోగాలిస్తానంటూ ఒక ధనికుడు ఊరి గనుల మీద కన్నేస్తే, ఊరు రెండుగా చీలుతుంది. ఇవి చూసినప్పుడు, సరే, వీళ్లకు కొంత తెలుసు అనిపించింది.

కొంతే సుమా! మిగతాదాంట్లో మమ్మల్ని మోసం చేశారు. వాళ్ల పొలంలో నాకు మక్కచేను కనబడింది గాని, మంచె కనబడలేదు. రాత్రిపూట అడవి పందులను తోలేవాడు ఒక్కడూ లేడు. పొలంలో ఉన్న కొట్టం ఎందుకయ్యా అంటే, పిల్లవాడు దాని అటక మీద కూర్చుని దూరదర్శినితో పక్కింటి పిల్లను చూడటానికి! అన్ని సీజన్లలో మక్క ధర ఎంత పలికిందని ఆ ఇంట్లో మాట్లాడుకోగా నేను వినలేదు. మన దగ్గర 2025–26 ఖరీఫ్‌కు కేంద్రం మక్కకు ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,400 రూపాయలు. ఆ అంకె చదువు రాని మా నాయినమ్మకు కూడా నోటికి వచ్చు. ఇంకో తమాషా ఏమంటే, కెన్సస్ అని చూపించిన ఆ ఊరు అసలు కెన్ససే కాదు. ఆ రెండు ధారావాహికలూ తీసింది కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో.

ఇక సైన్సు విద్యార్థిగా ఒక లెక్క. క్లార్క్ పొలం పనులు రెప్పపాటులో చేస్తాడని చూపిస్తారు. మాది అయిదెకరాల మక్క. సాలుకూ సాలుకూ మధ్య రెండడుగులు. అయిదెకరాలంటే సుమారు 20,230 చదరపు మీటర్లు. సాళ్లన్నీ ఒక్క తాడుగా కలిపితే 33 కిలోమీటర్లు వస్తుంది. అంటే ఒక్కసారి కలుపు తీయాలంటే వంగిన నడుముతో దాదాపు ఉప్పల్ నుంచి భువనగిరి పోయినంత దూరం! గాలిలో శబ్దవేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. ఆ వేగంతో క్లార్క్ పరుగెత్తితే నిమిషమున్నరలో పని పూర్తి. కాని అంత వేగంతో ఒక మనిషి సాళ్ల మధ్య దూరితే, ముందున్న గాలి గోడలా నొక్కుకుని చేనంతా తుపానుకు పడ్డట్టు నేలకొరుగుతుంది. కనుక సూపర్‌మాన్ అయినా సరే, మక్కచేనులో మనలాగే మెల్లగా నడవవలసిందే. ఈ సంగతి గదిలో చెపితే ఆలేరువాడు పడీపడీ నవ్వి, "అట్లయితే కైకిలి మనుషులే సూపర్‌మాన్లు రా బై" అన్నాడు. నవ్వుకే అన్నాడు గాని, తప్పు అనలేదు.

ఇక్కడ ఖమ్మం మిత్రుడు నన్ను గట్టిగా పట్టుకున్నాడు. "నువ్వు పొలం పొలం అంటున్నావు. 1938లో జెర్రీ సీగెల్, జో షుస్టర్ అచ్చువేయించిన మొదటి కథలో నీ పొలమే లేదు. దారిన పోయే కారువాడెవడో పసివాణ్ణి తీసుకపోయి అనాథాశ్రమంలో ఇస్తాడు. కెంట్ దంపతులు వచ్చింది మరుసటి ఏడు. మరి నీ కొలత ఏ పుస్తకంలోది?" అన్నాడు. నిజమే. నేను కాదనలేదు. సీగెల్, షుస్టర్ పట్నం పిల్లలు, వలస వచ్చిన యూదు కుటుంబాలవాళ్లు. ఆ పాత్ర హక్కులు 130 డాలర్లకు అమ్ముకున్న పేదవాళ్లు. వాళ్ల కథలో పొలం లేకపోవడం సహజం. కాని నా వాదానికి అదే బలం అంటాను. మొదట లేని పొలాన్ని తర్వాతివాళ్లు ఎందుకు తెచ్చిపెట్టారు? ఏదైనా చేయగలవాడు ఎందుకు చెడ్డవాడు కాలేదు అన్న ప్రశ్నకు జవాబు లేకపోతే కథ నిలవదు. ఆ జవాబును ఆకాశంలో వెతికితే దొరకలేదు. పొద్దుగాల లేచి పశువులకు గడ్డి వేసే ఒక ముసలి దంపతుల ఇంట్లో దొరికింది. పుస్తకాన్ని ఉన్నది ఉన్నట్టు తీసి ఉంటే మనకు అనాథాశ్రమం మిగిలేది. పొలం వచ్చేది కాదు.

ఇంతదాకా చెప్పింది అభిప్రాయం. ఇక ఒక తప్పు ఒప్పుకోవలసి ఉంది. అది చెప్పకపోతే ఈ వ్యాసం రాయడమే దండుగ.

క్లార్క్ కెంట్ పట్నంలో కళ్లద్దాలు పెట్టుకుని బలాన్ని దాస్తాడు. మనలో చాలామందిమి పట్నం వచ్చి ఊరినే దాస్తాము. మాట తీరు మారుస్తాము. "నాయిన" అనే మాట "డాడీ" అవుతుంది. మొదటి సంవత్సరం ఎవరో అడిగితే మా నాయినకు "బిజినెస్" అని చెప్పాను. వరంగల్ రోడ్డు బస్సులు ఆగే ఉప్పల్ రింగురోడ్డు మన ఊళ్లవాళ్లందరికీ తెలిసిన చోటే. ఒక ఆదివారం మా నాయిన ఇరవై అయిదు కిలోల బియ్యం సంచి భుజాన వేసుకుని అక్కడ దిగాడు. కాళ్లకు మట్టి, తలకు తువ్వాల. నేను ఎదురుపోయి సంచి అందుకుంటుంటే మా ఉప్పల్ మిత్రుడు బండి మీద వచ్చి ఆగాడు. "ఎవరు రా?" అన్నాడు. "మా ఊరాయన" అన్నాను.

నాయిన విన్నాడు. ఏమీ అనలేదు. బస్సు ఎక్కేటప్పుడు మాత్రం "బియ్యంల యాపాకు ఏసిన బిడ్డా, పురుగు పట్టది" అన్నాడు. అంతే.

ఆ బియ్యమే డబ్బాలో పోసుకున్నాము. ఆ డబ్బాకే ఫోను ఆనించి ఈ ధారావాహికలు చూశాము. 2021 కథ మొదటి భాగంలో క్లార్క్ తన ఇద్దరు కొడుకులకు తానెవరో చెప్పక తప్పని ఘట్టం వస్తుంది. ఇన్నేండ్లు మాకు అబద్ధం చెప్పావని పిల్లలు తండ్రి మీద మండిపడతారు. అందరూ ఆ సన్నివేశంలో అతడు ట్రక్కును పైకెత్తడం చూస్తున్నారు. నేను డబ్బా వైపు చూస్తున్నాను. క్లార్క్ దాచింది పిల్లల క్షేమం కోసం. నేను దాచింది ఎవరి క్షేమం కోసం?

ఆ రాత్రే ఉప్పల్ మిత్రునికి చెప్పాను, ఆనాడు బస్సు దిగినాయన మా నాయిన అని. వాడు ఫోను మీది నుంచి కన్ను తీయకుండానే, "నాకప్పుడే ఎరుక. ఇద్దరి ముక్కు ఒక్కతీరుగ లేదా?" అన్నాడు. నేను పెట్టుకున్న కళ్లద్దాలు నన్ను ఎవరి నుంచీ దాచలేదన్నమాట!

మొన్న సంక్రాంతి సెలవులకు ఊరికి పోయినప్పుడు నాయినకు ఒక భాగం చూపించాను. భాష రాదు గాని శ్రద్ధగా చూశాడు. ఎగిరినప్పుడు ఆశ్చర్యపోలేదు. పొలం వచ్చినప్పుడు మాత్రం ముందుకు వంగి, "గా మక్కలకు బోరు నీళ్లా, కాలువ నీళ్లా?" అని అడిగాడు. నాకు తెలియదన్నాను. కాసేపటికి, "గంత బలమున్నోడు పట్నంల కొలువెందుకు చేస్తుండు?" అన్నాడు. ఈ ప్రశ్నకు కూడా నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే నన్ను పట్నం పంపింది ఆయనే. "ఈ మట్టిల నువ్వన్న పడకు బిడ్డా" అని పంపాడు. పొలం గొప్పదని ఇంత రాసిన నేను డిగ్రీ కాగానే ఆ పొలానికి తిరిగి పోతానని ప్రమాణం చేయలేను. అప్పుతో సాగే అయిదెకరాలు ఎన్ని నోళ్లు నింపగలవో మనకు తెలుసు. టి.వి.లో క్లార్క్ తిరిగి వచ్చినంత సులువు కాదది.

అయితే తిరిగి పోలేకపోవడం వేరు, దాచుకోవడం వేరు. ఈ రెండూ ఒకటే అనుకున్నది నా పొరపాటు.

నాచారంలో ఎన్.టి.ఆర్. కట్టిన స్టూడియో పేరులో రామకృష్ణతో పాటు "హార్టికల్చర్" అనే మాట కూడా ఉంది. తోటల పెంపకం అన్నమాట. ఆయన నిమ్మకూరు రైతు బిడ్డ. తెలుగువారి సూపర్‌మాన్‌గా నటించిన మనిషి స్టూడియో పేరులోనే తోట ఉందన్న సంగతి, మా గది నుంచి కాలేజికి వచ్చేటప్పుడు నాకు ఇప్పుడు తరచూ గుర్తుకొస్తుంది.

మిత్రులారా! ఏ సూపర్‌మాన్ గొప్ప అన్న వాదం మా గదిలో ఇంకా తెగలేదు. దుస్తులవాదులు దుస్తుల మీద, పుస్తకవాదులు పుస్తకం మీద ఉన్నారు. వచ్చే ఆదివారం మళ్లీ సభ ఉంది. ఆసక్తి గలవారు రావచ్చు. ఆ రోజు మా నాయిన కూడా బియ్యం తీసుకుని వస్తున్నాడు. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర దిగుతాడు. తలకు తువ్వాల ఉంటుంది. ఎవరైనా అడిగితే ఈసారి ఆయన ఎవరో సరిగ్గా చెపుతాను.